అర్ధరాత్రి మిద్దె మీద విన్న మూడు ఈలలు – ఇది ఏ పిట్ట?

మిద్దెమీది చుక్కలు (తిరుపతి) – అక్టోబర్ 16, ఉదయం 6:50

అందరికీ నమస్కారం. ఇక్కడ ఇదే నా మొదటి పోస్టు.

రాత్రి వాన వెలిశాక కరెంటు పోయింది. ఉక్కపోతకు నిద్ర పట్టక చాప తీసుకుని మిద్దె ఎక్కాను. మాది కపిలతీర్థం వైపు, ఇంటి వెనక నుంచి చూస్తే కొండ నల్లగా గోడలా కనిపిస్తుంది. ఫ్యాన్లు లేవు, బోరు మోటార్లు లేవు, ఊరంతా గమ్మున ఉంది. 2:40కి నడినెత్తిన ఆకాశంలోంచి ఈల వినిపించింది. త్యూ-త్యూ-త్యూ. మూడే మూడు. ఒక పది సెకన్ల తర్వాత మళ్ళీ మూడు, ఈసారి రైల్వే స్టేషన్ వైపు నుంచి, కొంచెం సన్నగా. అంటే ఆ పిట్ట కొండ వైపు నుంచి వచ్చి ఊరి మీదుగా దక్షిణానికి దాటిపోయింది. పైకి చూస్తే చుక్కలు తప్ప ఏమీ లేవు.

ఒళ్ళు జలదరించింది. భయం కాదు. ఊరంతా పడుకున్న వేళ మన నెత్తి మీదుగా ఎవరో ప్రయాణం చేస్తున్నారని తెలిసినప్పుడు కలిగే ఫీలింగ్ అది. రెండోసారి కూసినప్పుడు ఫోన్‌లో కొంచెం రికార్డయింది. అమ్మకు వినిపిస్తే "తీతువు అయ్యుంటుంది, ఆపెయ్ అది" అంది. తీతువేనా?

---

కెమెరా కన్ను (తిరుపతి) – అక్టోబర్ 16, 7:35

తీతువే అయ్యుంటుందండీ. రాత్రిపూట ఎగురుతూ అరిచే పిట్ట మన దగ్గర అదే ఎక్కువ. పేరూరు చెరువు పక్కన రోజూ వింటాను.

---

ఉల్లంకి (నెల్లూరు) – అక్టోబర్ 16, 9:10

తీతువు కాదనుకుంటున్నాను. తీతువు పిలుపులో గొడవ ఉంటుంది. టిటీ-టిటుయ్, టిటీ-టిటుయ్ అని గొంతు పైకీ కిందికీ పోతుంది, ఒకసారి మొదలెడితే ఓ పట్టాన ఆపదు. అదీగాక తీతువు ఇక్కడి పిట్టే. నేల మీద గూడు పెట్టుకుంటుంది, కుక్కో నక్కో దగ్గరికొస్తే లేచి అరుస్తుంది. అమ్మగారి భయం కూడా అక్కడి నుంచే వచ్చి ఉంటుంది. చీకట్లో మనిషో జంతువో తిరిగితే తీతువు అరుస్తుంది, ఆ అరుపు విన్నవాళ్ళకు కీడు తోచింది. పాపం, అది కాచుకునేది తన గుడ్లను.

మీరు చెప్పినట్టు ఒకే ఎత్తులో, సమానమైన ఎడంతో మూడు ఈలలు వేసి దాటిపోయిందంటే వలస వచ్చిన నీటి ఒడ్డు పిట్ట కావచ్చు. మూడు సంగతులు చెప్పండి. మూడు ఈలలూ ఒకే స్థాయిలో ఉన్నాయా, చివరిది దిగిందా? గొంతు నిండుగా ఉందా, సన్నగా గీసినట్టుందా? గాలి ఎటు నుంచి వీస్తోంది? ఫోన్‌లో ఉన్న అసలు ఫైలునే పెట్టండి. వాట్సాప్‌లో పంపితే అది నొక్కేసి, పిట్ట గొంతులోని సన్నని భాగాలు పోగొడుతుంది.

---

మిద్దెమీది చుక్కలు – అక్టోబర్ 16, 9:52

ఫైలు పెట్టాను, 14 సెకన్లు. ఆరో సెకను దగ్గర వినండి. మూడూ దాదాపు ఒకే స్థాయి, చివరిది వెంట్రుకవాసి దిగిందేమో. గొంతు నిండుగా ఉంది, పిల్లంగోవిలో ఊదినట్టు. గాలి ఉత్తరం నుంచి చల్లగా తగులుతోంది.

---

మంచె కాపలా (పలమనేరు దగ్గర) – అక్టోబర్ 16, మధ్యాహ్నం 1:20

అక్కా, నేను చదువుకున్నోణ్ణి కాదు, పిట్టల పేర్లు ఇంగిలీసులో తెలీదు. కానీ ఇరవై ఏండ్లుగా చెనిక్కాయ చేన్లో మంచె మీద పండుకుంటా ఉండా. అడివిపందులు, ఈ మధ్య ఏనుగులు. రాత్రంతా చెవులు రిక్కించుకోనే ఉండాల. మీరు చెప్పే కూత నాకు తెలుసు. వినాయక చవితి దాటినాక మొదలైతాది. వాన నిలిచి ఆకాశం తేటపడిన రాత్రి ఎక్కువ. యాడ్నుంచో బడగట్టు (ఉత్తరం) నుంచి వచ్చి తమిళం దిక్కు పోతాయి. ఉగాది ముందు వాపసు పోతాయి గానీ అప్పుడు ఇంత కూత ఉండదు.

మా నాయన చెరువు నీళ్ళు వదిలే నీరుగంటి. ఆయన గుర్తులు చెప్పేవాడు. "క్వాక్" అని ఒక్క మాట అనేసి పొయ్యేది చింతవక్క కొంగ, అది చెరువు మారతా ఉంటాది, దూరం పొయ్యేది కాదు. గుంపుగా సీసిక్ సీసిక్ అని ఈల వేసుకుంటా పొయ్యేవి చెరువు బాతులు. మూడు ఈలలదాన్ని ఆయన "బాటసారి" అనేవాడు. అదేం పిట్టో మాకెప్పుడూ కనపడలే.

---

ఉల్లంకి – అక్టోబర్ 16, రాత్రి 9:40

బాటసారి! అన్నా, మీ నాయన పెట్టిన పేరు నా నోట్సులో రాసుకున్నాను. చింతవక్క, ఈలబాతు రెండూ సరిగ్గా చెప్పారు. ఎగరడం చూసి కాదు, పిలుపు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చూసి దాని పని పట్టుకున్నారు. ఈ విద్యలో మొదటి పాఠం అదే.

ఫైలు సంగతికి వస్తాను. దాన్ని ఆడాసిటీ అనే శబ్దాల సాఫ్ట్‌వేర్‌లో తెరిచి స్పెక్ట్రోగ్రాం చూశాను. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: అది శబ్దానికి తీసిన బొమ్మ. ఎడమ నుంచి కుడికి కాలం, కింద నుంచి పైకి స్థాయి. బొంగురు గొంతు కింద, సన్నని గొంతు పైన. స్థాయికి కొలత కిలోహెర్ట్జ్. మీ ఫైలులో రెండు, మూడు కిలోహెర్ట్జ్‌ల నడుమ మూడు చిన్న గీతలు పక్కపక్కనే ఉన్నాయి. మూడూ ఒకే ఎత్తు, ఒకే పొడవు, ఒక్కోటీ మొదట్లో ఉన్నదానికన్నా చివర కాస్త వాలింది.

ఇలా మూడుగా పిలిచేవి మన దగ్గర నాలుగైదు ఉన్నాయి. ఒక్కొక్కటిగా తీసేద్దాం. కామన్ శాండ్‌పైపర్ పిలుపు బాగా సన్నగా, ఇంకా పైన ఉంటుంది, స్వీ-వీ-వీ అని జారుతుంది. అది కాదు. రెడ్‌షాంక్ మొదటి ఈలను సాగదీసి తర్వాత రెండూ కిందికి దించేస్తుంది, త్యూ-హు-హు అని. మీ మూడూ సమానం, కాబట్టి అదీ కాదు. వుడ్ శాండ్‌పైపర్‌ది పొడి గొంతు, చిఫ్-ఇఫ్-ఇఫ్. పిల్లంగోవి కాదు, పుల్ల విరిచినట్టు ఉంటుంది. గ్రీన్ శాండ్‌పైపర్ ట్లూయీత్-వీత్-వీత్ అని మొదట గొంతును పైకి ఎగరేస్తుంది. విమ్‌బ్రెల్ మూడుతో ఆగదు, ఏడు దాకా గబగబా దొర్లిస్తుంది.

మిగిలింది గ్రీన్‌షాంక్. తెలుగులో పచ్చకాళ్ళ ఉల్లంకి; ఉల్లంకులంటే ఈ నీటి ఒడ్డు పిట్టలే. నిండు గొంతు, సమానంగా మూడు. స్కాట్లాండ్ ఉత్తరం నుంచి రష్యా దాకా పరుచుకున్న చలి చిత్తడి నేలల్లో గుడ్లు పెట్టి, చలికాలానికి మన చెరువులకు వస్తుంది. అన్న చెప్పిన "బాటసారి" కూడా ఇదే కావచ్చు, కానీ ఆయన పిలుపు నేను వినలేదు కాబట్టి ఆ ముడి వేయను.

---

కొత్త రెక్కలు (శ్రీకాళహస్తి, డిగ్రీ రెండో సంవత్సరం) – అక్టోబర్ 17, 8:05

సార్, నేను కూడా నిన్న రాత్రంతా ఫోన్ కిటికీలో పెట్టి రికార్డు చేశాను. పిట్ట గొంతు విని పేరు చెప్పే బర్డ్‌నెట్ యాప్‌లో వేస్తే 1:10కి గ్రీనిష్ వార్బ్లర్, 1:34కి బ్లిత్స్ రీడ్ వార్బ్లర్, 3:02కి మళ్ళీ బ్లిత్స్ రీడ్ వార్బ్లర్ అని వచ్చాయి. రెండూ వలస పిట్టలే కదా! అందరూ పిట్టల రికార్డులు చేర్చే ఈబర్డ్ సైటులో ఎక్కించేయనా?

---

ఉల్లంకి – అక్టోబర్ 17, 10:30

తమ్ముడూ, ఆగు. ఎక్కించకు. ఫైలు నాకు పంపు.

---

ఉల్లంకి – అక్టోబర్ 17, సాయంత్రం 5:15

విన్నాను. బ్లిత్స్ రీడ్ వార్బ్లర్ అని వచ్చిన రెండూ బల్లి. మీ కిటికీ పైన ట్యూబ్‌లైట్ పట్టీ వెనక ఉండుంటుంది. "చెక్, చెక్, చెక్" అని ఒకే చోట నుంచి, ఒకే మోతతో ఏడెనిమిది సార్లు వచ్చింది. ఎగిరే పిట్ట పిలుపు అలా ఉండదు. మొదట దూరంగా, తర్వాత దగ్గరగా, మళ్ళీ దూరంగా వినిపించాలి, లేదా ఒక్కసారి పలికి మాయం కావాలి. ఒకే చోట నిలబడి పలికేది ప్రయాణంలో ఉన్న పిట్ట కాదు.

గ్రీనిష్ వార్బ్లర్ అన్నది ఏదో పురుగు. అయినా ఇంకో సంగతి ఉంది. చెట్ల ఆకుల్లో తిరిగే ఆ చిన్న వార్బ్లర్లు, ఈగపట్టు పిట్టలు రాత్రి వలసలో చాలావరకు నోరు విప్పవు. పగలు కొమ్మ మీద పిలుస్తాయి, రాత్రి ఆకాశంలో గమ్మున పోతాయి. నీటి ఒడ్డు పిట్టలు, కొంగలు, బాతులు, జిట్టంగులు పిలుస్తూ పోతాయి. అందుకని మనకు వినపడలేదంటే ఆ పిట్ట పోలేదని కాదు.

బర్డ్‌నెట్ మంచి పనిముట్టు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్ళూ జర్మనీలోని కెమ్నిట్జ్ సాంకేతిక విశ్వవిద్యాలయం వాళ్ళూ కలిసి చేశారు. కానీ అది నేర్చుకున్నది ఎక్కువగా పగటి పాటల నుంచి. అరక్షణం పలికే రాత్రి పిలుపు దానికి కష్టం. అది చూపించిన చోటికి వెళ్ళి మన చెవితో విందాం, మన కంటితో బొమ్మ చూద్దాం. పేరు పెట్టే పని మాత్రం దానికి అప్పగించొద్దు.

---

కొత్త రెక్కలు – అక్టోబర్ 17, 5:48

అర్థమైంది సార్. ఇప్పుడే బల్లిని చూశాను. ట్యూబ్‌లైట్ వెనకే ఉంది.

---

శబ్దతరంగం (చంద్రగిరి) – అక్టోబర్ 18, 6:20

నేను పాతికేళ్ళు ఫిజిక్స్ చెప్పాను. రిటైరయ్యాక మా మిద్దె మీద మూడు సీజన్లుగా ఇదే పని. రికార్డింగ్ గురించి నాకు తెలిసింది చెబుతాను.

ఫోన్ కిటికీలో పెడితే ఇల్లు వినిపిస్తుంది గానీ ఆకాశం వినిపించదు. మైకు ఆకాశానికి తిరిగి ఉండాలి, పక్కల నుంచి వచ్చే శబ్దం దానికి అందకూడదు. అమెరికాలో ఈ పనికి జీవితమే ధారపోసిన బిల్ ఎవాన్స్ పూలకుండీలో మైకు పెట్టి చేశాడు. నేను ఇంట్లో పాత ప్లాస్టిక్ బకెట్ తీసుకుని, లోపల చుట్టూ పాత పరుపులోని స్పాంజి అతికించి, అడుగున మైకు నిలబెట్టాను. పైన పల్చటి ప్లాస్టిక్ కవరు బిగించి రబ్బరు బ్యాండు వేశాను, వాన చినుకు పడకుండా. కవరు వదులుగా ఉంటే గాలికి టపటప కొట్టుకుంటుంది, డప్పు తోలులా బిగుతుగా ఉండాలి. బకెట్ పెట్టక ముందు వీధి కుక్కలే వినిపించేవి. పెట్టాక అవే కుక్కలు పక్క ఊళ్ళో ఉన్నట్టున్నాయి.

ఫైలు వేవ్ (WAV) ఫార్మాట్‌లో తీయండి, ఎంపీత్రీ వద్దు. సెకనుకు 48,000 నమూనాలు, 16 బిట్లు, ఒకే చానెల్. లెక్క వేసుకోండి: సెకనుకు 96,000 బైట్లు, గంటకు సుమారు 346 మెగాబైట్లు, ఎనిమిది గంటల రాత్రికి 2.8 గిగాబైట్ల దాకా. కార్డు ఆ లెక్కన కొనుక్కోండి. ఆడియోమాత్ అని అరచేతిలో పట్టే రికార్డరు దొరుకుతుంది, మూడు చిన్న బ్యాటరీలతో నడుస్తుంది, ఏ గంటకు మొదలెట్టి ఏ గంటకు ఆపాలో ముందే చెప్పొచ్చు.

ఇక మన ఊళ్ళ శబ్దాలు. వాన పడిన రెండు రోజులు కప్పలతో ఏమీ చేయలేం, వదిలేయండి. చిమ్మెటలు నాలుగు నుంచి ఎనిమిది కిలోహెర్ట్జ్‌ల నడుమ కంచె కట్టేస్తాయి. చిన్న పిట్టల పిలుపులు చాలావరకు ఆ కంచెలోనే పడి పోతాయి. ఉల్లంకి పిట్టలు దాని కింద, రెండు మూడు దగ్గర పలుకుతాయి కాబట్టి బతికిపోయాయి. పైగా సన్నని శబ్దాన్ని గాలి త్వరగా మింగేస్తుంది. అందుకే మన మిద్దెల మీద ఉల్లంకులు ఎక్కువ వినిపించి చిన్న పిట్టలు తక్కువ వినిపిస్తాయి. పోయేవాటి లెక్క కాదది, మన చెవికి అందినవాటి లెక్క.

ఇంకో మాట. రాత్రి రికార్డింగులో ఇరుగుపొరుగు మాటలు కూడా పడతాయి. పిట్ట ఉన్న ముక్క కోసుకుని మిగతాది చెరిపేయండి. మనం ఆకాశం వినడానికి కూర్చున్నాం, పక్కింటివాళ్ళ కష్టసుఖాలు కాదు.

---

కెమెరా కన్ను – అక్టోబర్ 18, 8:45

అందరూ పెద్దవాళ్ళే, గౌరవంగానే అడుగుతున్నాను. కంటితో చూడని పిట్టకు పేరెలా పెడతాం? నేను పదేళ్ళుగా ఫోటో లేకుండా ఏ రికార్డూ ఒప్పుకోలేదు. చీకట్లో మూడు గీతలు చూసి "గ్రీన్‌షాంక్" అనేస్తే రేపు ఎవరైనా ఏదైనా అనొచ్చు. తప్పు రికార్డు ఒక్కటి చేరితే దాని మీద ఇంకో పది నిలబడతాయి.

---

ఉల్లంకి – అక్టోబర్ 18, మధ్యాహ్నం 12:10

న్యాయమైన ప్రశ్న. మీ జాగ్రత్త ఈ పనికి కావాలి కూడా.

ఫోటో కూడా చూసినవాడి మాట మీదే నిలబడదు కదా, ఫోటోలో రెక్క గీత, ముక్కు పొడవు చూసి మనం పోలుస్తాం. ఇక్కడ కూడా అంతే. పోల్చడానికి తెలిసిన నమూనా ఉండాలి. ఆ నమూనా పగలు దొరుకుతుంది. చెరువు ఒడ్డున నిలబడ్డ పిట్ట లేచి ఎగిరేటప్పుడు పిలుస్తుంది. అప్పుడు కన్ను, చెవి రెండూ సాక్ష్యం. ఆ పగటి పిలుపు బొమ్మను రాత్రి బొమ్మ పక్కన పెట్టి చూడాలి. యూరప్‌లో, అమెరికాలో ఈ జంటలు కూడబెట్టడానికి దశాబ్దాలు పట్టింది. 1896లోనే ఓరిన్ లిబీ అనే ఆయన విస్కాన్సిన్‌లో ఒక గుట్ట మీద కూర్చుని ఒక్క రాత్రిలో 3,800 పిలుపులు లెక్కపెట్టాడు. మైకు లేదు, చెవులే. మనకు అలాంటి భండారం ఇంకా లేదు, మన చెరువుల దగ్గర మనమే కట్టుకోవాలి.

కలివికోడిని గుర్తు చేసుకోండి. 1900 తర్వాత ఎవరికీ కనపడక అంతరించిందనుకున్న పిట్ట 1986లో కడప జిల్లాలో మళ్ళీ దొరికింది. రాత్రి తిరిగే పిట్ట అది. ఆ తర్వాత దాన్ని వెతికినవాళ్ళు దాని పిలుపును రికార్డు చేసి, అడవిలో వినిపించి, జవాబు కోసం చెవి ఒగ్గారు. కన్ను పనిచేయని చోట చెవితోనే వెతకాలి.

అయితే మీ మాటలో సగం నేను తీసుకుంటున్నాను. నా నోట్సులో మూడు గడులు ఉంటాయి: ఖాయం, కావచ్చు, తెలియదు. పోయిన సీజన్‌లో సగానికి పైగా "తెలియదు" గడిలోనే ఉన్నాయి. తేదీ, గంట, ఫైలు ఉంటే చాలు, పేరు తర్వాతైనా పెట్టొచ్చు. ఈబర్డ్‌లో కూడా రాత్రి పిలుపులకు వేరే పద్ధతి ఉంది. అందులో గంటకో జాబితా పెట్టుకోవడం మేలు. పది పిలుపులు విన్నామంటే పది పిట్టలని అర్థం కాదు, ఒకటే పది సార్లు పిలిచి ఉండొచ్చు. ఎన్ని పిలుపులో విడిగా రాసి, పిట్టల సంఖ్య తక్కువగానే వేయాలి.

---

కెమెరా కన్ను – అక్టోబర్ 18, 12:40

"తెలియదు" అనే గడి ఉందంటే నాకు సమ్మతమే. ఆ పగటి జంటల పని నేను చేస్తాను. 26వ తేదీ ఆదివారం తెల్లవారుజామున రాయలచెరువుకు వెళ్తున్నా. ఎవరైనా వస్తారా?

---

మిద్దెమీది చుక్కలు – అక్టోబర్ 18, 1:05

నేను వస్తానన్నా. మా తమ్ముణ్ణి తోడు తెచ్చుకుంటా.

---

కట్టమంచి ఇల్లు (చిత్తూరు) – అక్టోబర్ 21, 5:50

అర్జెంటు. పొద్దున ముగ్గు వేద్దామని తలుపు తీస్తే వరండాలో ఒక పిట్ట పడి ఉంది. ఆకుపచ్చ వీపు, కడుపు కింద ఎర్రగా, రెక్క మీద నీలం మెరుపు, కంటి మీదుగా నల్ల పట్టీ. తోక మొండిగా ఉంది. ఊపిరి తీస్తోంది, కళ్ళు మూస్తోంది. రాత్రంతా వరండాలో లైటు వెలిగే ఉంది. నీళ్ళు పట్టనా? పిల్లి తిరుగుతా ఉంది.

---

ఉల్లంకి – అక్టోబర్ 21, 5:58

అక్కా, నోట్లో నీళ్ళు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మేత కూడా వద్దు. అట్టపెట్టెకు నాలుగు చిల్లులు పెట్టి, అడుగున పాత గుడ్డ పరిచి, పిట్టను మెల్లగా రెండు చేతులతో పట్టి లోపల ఉంచి మూత వేయండి. చీకటి, నిశ్శబ్దం, అంతే. పిల్లలు మాటిమాటికీ తెరిచి చూడకుండా చూడండి. రెక్క వేలాడుతుంటే లేదా రక్తం ఉంటే వెంటనే అటవీ శాఖవాళ్ళకు ఫోన్ చేయండి. లేకపోతే సాయంత్రం దాకా ఆగి చూద్దాం.

---

కట్టమంచి ఇల్లు – అక్టోబర్ 21, 6:10

పెట్టెలో పెట్టినా. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటా ఉందో నా అరచేతికి తెలిసింది. చెంచా బరువు కూడా లేదనిపించింది.

---

శబ్దతరంగం – అక్టోబర్ 21, 7:30

అది పొన్నంకి పిట్ట అమ్మా. నవరంగ్ అని హిందీలో. హిమాలయాల కింది అడవుల్లో, మధ్య భారతంలో గుడ్లు పెట్టి, అక్టోబరులో రాత్రుళ్ళు ప్రయాణం చేసి మన వైపు, శ్రీలంక వైపు దిగుతుంది. అలిసిపోయి, లైటుకు కళ్ళు చెదిరి ఇళ్ళల్లో పడటం ఈ నెలలో మామూలే. ప్రపంచమంతా ఈ జాతి పిట్టలను "పిట్టా" అనే పిలుస్తుంది. 1816లో ఆ శాస్త్రీయ నామం పెట్టినప్పుడు తీసుకున్నది మన తెలుగు "పిట్ట"నే. మన మాట మోసుకుని తిరిగే అతిథి మీ వరండాలో దిగింది.

---

కట్టమంచి ఇల్లు – అక్టోబర్ 21, సాయంత్రం 6:25

5:40కి పెట్టెలో గోకడం మొదలెట్టింది. దొడ్లో మల్లె పొదల కింద పెట్టి మూత తీసినా. రెండు నిమిషాలు కదల్లే. తర్వాత తల పక్కకు తిప్పి చూసి, గెంతుకుంటా పొదలోకి పోయింది. ఒక పది నిమిషాలకు లోపల్నుంచి "వీత్-త్యూ" అని రెండు మాటలు పలికింది. నేను, మా అత్త ఇద్దరం విన్నాం. ఇంక ఈ నెలంతా వరండా లైటు ఆర్పేస్తా ఉండా.

---

నేలపట్టు దారి (సూళ్ళూరుపేట) – అక్టోబర్ 21, 9:15

లైటు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. మబ్బు కిందికి దిగిన రాత్రి ఊరి వెలుతురు మబ్బుకు తగిలి ఆకాశమంతా పాలిపోతుంది. అలాంటి రాత్రి పిలుపులు ఒక్కసారిగా పెరుగుతాయి. పిట్టలు ఎక్కువ వచ్చాయని సంబరపడకండి. చుక్కలు కనపడక, వెలుగు దగ్గర దారి తప్పి, తిరిగిన చోటే తిరుగుతూ ఒకదాన్నొకటి పిలుచుకుంటుంటాయి. ఒక గంటలో నూరు పిలుపులు వస్తే అది నాలుగు పిట్టల ఆర్తనాదం కావచ్చు. న్యూయార్క్‌లో సెప్టెంబరు 11 దాడుల జ్ఞాపకార్థం వెలిగించే దీపస్తంభాల చుట్టూ పిట్టలు మరీ ఎక్కువైతే కాసేపు ఆర్పేస్తారు. ఆర్పగానే చెదిరి దారిన పడతాయి.

మా వైపు పులికాట్‌కు వచ్చే రాజహంసలు కూడా రాత్రి కదులుతాయి. బాతుల్లా బొంగురుగా గొణుక్కుంటూ పోతాయి. మొదటిసారి వింటే ఎక్కడో జనం గుంపుగా మాట్లాడుకుంటున్నారు అనుకుంటాం.

---

కొత్త రెక్కలు – అక్టోబర్ 22, 7:00

కొండ కింద అడవి అంచున అయితే ఊరి శబ్దం ఉండదు కదా. శనివారం రాత్రి మేము ముగ్గురం ఫ్రెండ్స్ అక్కడ కూర్చుందామనుకుంటున్నాం.

---

శబ్దతరంగం – అక్టోబర్ 22, 7:12

వద్దు నాయనా. శేషాచలం అంచుల్లో చిరుతలు తిరుగుతాయి, రాత్రి అడవిలోకి అనుమతి కూడా లేదు. మీ మిద్దె చాలు. పిట్టలే మీ నెత్తి మీదికి వస్తాయి, ఊరు చూసి పక్కకు పోవు. ఏ రాత్రి కూర్చోవాలో తెలుసుకుంటే సగం పని అయినట్టే: వాన వెలిసి, మబ్బు విడి, గాలి ఉత్తరం లేదా ఈశాన్యం నుంచి తిరిగిన మొదటి రాత్రి. దక్షిణానికి పోయేవాటికి అది తోసే గాలి.

---

మిద్దెమీది చుక్కలు – అక్టోబర్ 26, మధ్యాహ్నం 3:30

రాయలచెరువుకు వెళ్ళొచ్చాం. కెమెరా కన్ను అన్న, నేను, తమ్ముడు. చీకటితోనే కట్ట మీదికి చేరాం. నీళ్ళ మీద పొగమంచు, అవతల ఒడ్డు కనపడలేదు. 6:05కి వెలుగు వచ్చాక బురద అంచున రెండు పిట్టలు. పొడుగు కాళ్ళు, బూడిదరంగు వీపు, ముక్కు కొంచెం పైకి వంగి ఉంది. అన్న కెమెరా తీశాడు, నేను రికార్డరు ఆన్ చేసి పట్టుకున్నా. గేదెలు నీళ్ళకు దిగాయి. రెండూ లేచాయి. వీపు మీద తెల్లని చీలిక తెరుచుకుంది, త్యూ-త్యూ-త్యూ.

ఆ పిలుపు వినగానే మిద్దె మీద ఆ రాత్రి జలదరించినట్టే మళ్ళీ జలదరించింది. ఈసారి మూడు ఈలలకు ఒక ఒళ్ళు, రెండు రెక్కలు ఉన్నాయి. అన్న ఏమీ అనలేదు. ఫోటో చూశాడు, నా రికార్డింగు చెవి దగ్గర పెట్టుకుని రెండుసార్లు విన్నాడు, తల ఊపాడు.

రెండు బొమ్మలూ పక్కపక్కన పెడుతున్నాను, పైది అక్టోబర్ 16 రాత్రి 2:40, కిందిది ఈ ఉదయం.

---

కెమెరా కన్ను – అక్టోబర్ 26, 4:02

ఖాయం గడిలో వేసుకోండి. నా ఫోటో కూడా జత చేశాను.

---

ఉల్లంకి – అక్టోబర్ 26, 4:45

రెండు బొమ్మల్లో గీతల ఎడం కూడా కలిసింది. తిరుపతి ఆకాశం మీద గ్రీన్‌షాంక్, పగటి జంటతో సహా. చాలా సంతోషంగా ఉంది.

---

మిద్దెమీది చుక్కలు – నవంబర్ 3, 6:15

బకెట్ తయారుచేశాను. స్పాంజి కోసం అమ్మ పాత దిండు కోసి ఇచ్చింది. నిన్న రాత్రి 11 నుంచి 4 దాకా పెట్టాను. గ్రీన్‌షాంక్ రెండుసార్లు. చింతవక్క నాలుగు. తీతువులు చాలా, అవి వేరే రాశాను. 1:15కి మాత్రం ఏమీ అంతుపట్టనిది ఒకటి ఉంది: ఒకే ఒక్క పిలుపు, "చూ-ఇత్" అని చివర పైకి విరిగింది. ఉల్లంకిలా ఉంది, కానీ మూడు కాదు. నేను "తెలియదు" గడిలో రాశాను. ఫైలు పెడుతున్నాను.

---

ఉల్లంకి – నవంబర్ 3, 8:20

పసిఫిక్ గోల్డెన్ ప్లోవర్ కావచ్చు. ఒక్క పిలుపుతో ఖాయం చేయను. రాత్రుళ్ళు బకెట్ అక్కడే ఉంచండి.

---

మంచె కాపలా – నవంబర్ 3, 10:40

అక్కా, ఫైలు ఇన్నా. చివర విరిగే కూత మా చేని మీద నిన్న రాత్రి కాదు, మొన్న రాత్రి పోయింది. కోడి కూసేదానికి ముందు, మూడుసార్లు. మా దగ్గర రికార్డరు లేదు, ఫోనుంది. ఈ పొద్దు మా ఆడమనిషిని అడిగి ఒక పాత బకెట్ తీసుకుంటా. స్పాంజి యాడ దొరుకుతాదో చెప్పండి.